ఓడితే లాభమని తెలిసినప్పుడు

పోయిన ఏడు దసరా సెలవులకు మా పెద్దమ్మ కొడుకు అమెరికా నుంచి వచ్చాడు. అన్న ఉండేది మిషిగన్ రాష్ట్రంలో, డెట్రాయిట్ పక్కన. కార్ల బ్రేకులు తయారుచేసే కంపెనీలో ఇంజనీరు. మా హోసూరు చుట్టూ బండ్ల ఫ్యాక్టరీలు ఉన్నట్టే అక్కడా ఊరంతా మోటార్ల మీద బతికిందని చెప్తుంటాడు. ఈసారి నెత్తిన ఒక నీలం టోపీ పెట్టుకుని దిగాడు. దాని మీద ఎగిరి దూకుతున్న సింహం బొమ్మ. తమిళనాడులో పెరిగినవాణ్ణి కదా, జెండా రంగు కనిపిస్తే పార్టీ గుర్తుకొస్తుంది. "ఇదేం పార్టీ అన్నా?" అని అడిగాను.

"పార్టీ కాదురా, జట్టు. డెట్రాయిట్ లయన్స్. నేను అక్కడికి పోయిన ఏడు 17 మ్యాచులాడి 3 గెలిచింది" అన్నాడు.

అందరం నవ్వాం. మూడు గెలిచిన జట్టు టోపీని ఎవరైనా డబ్బు పెట్టి కొంటారా? అన్న నవ్వలేదు. రాత్రి అన్నాలయ్యాక ఆ ఏడాది కథంతా చెప్పి, చివర్లో మమ్మల్ని ఒక ప్రశ్న వేశాడు. ఆ ప్రశ్న నా నెత్తిమీద అట్లానే కూర్చుండిపోయింది. ఈ వ్యాసం దాని గురించే. దాని గురించి రాయాలంటే నేను చేసిన ఒక పని కూడా రాయాలి. అది తర్వాత.

ముందు ఆ ఆట సంగతి. అమెరికాలో ఫుట్‌బాల్ అంటే మనం కాళ్లతో ఆడేది కాదు. బంతి కోడిగుడ్డులా రెండు పక్కలా కోసుగా ఉంటుంది, దాన్ని ఎక్కువగా చేతులతో విసురుతారు, పట్టుకుని పరిగెత్తుతారు. ఒక విధంగా అది నేల గెలుచుకునే ఆట. నాలుగు ప్రయత్నాల్లో 10 గజాలు ముందుకు పోవాలి. పోతే మళ్ళీ నాలుగు ప్రయత్నాలు దొరుకుతాయి. మూడింటిలో కుదరకపోతే నాలుగోసారి మామూలుగా బంతిని దూరంగా తన్నేస్తారు, లేదా దగ్గరగా ఉంటే గోలు కంబాల మధ్య నుంచి తన్ని మూడు పాయింట్లు తీసుకుంటారు. ధైర్యం ఉన్నవాడు నాలుగోసారి కూడా ముందుకే పోతాడు. పోలేకపోతే బంతి అక్కడికక్కడే ఎదుటి జట్టు చేతికి పోతుంది.

మొత్తం 32 జట్లు. కాలేజీల్లో ఆడి బయటికి వచ్చిన కుర్రాళ్ళను ఏటా ఒకసారి ఈ జట్లు పంచుకుంటాయి. దానిని డ్రాఫ్ట్ అంటారు. మన ఐపీఎల్ వేలం లాంటిది కాదు. అక్కడ డబ్బు పాట ఉండదు, వరుస ఉంటుంది. ఆ వరుసలో అందరికంటే ఎక్కువగా ఓడిన జట్టు మొదట నిలబడుతుంది. దేశంలోకెల్లా మంచి కుర్రాణ్ణి వాళ్ళే ముందుగా ఏరుకోవచ్చు. కప్పు గెలిచినవాళ్ళు చివర. బలమున్నవాడే మళ్ళీ మళ్ళీ బలపడకుండా పెట్టుకున్న ఏర్పాటిది. వినడానికి ఎంత న్యాయంగా ఉందో చూడండి. కానీ దీని కడుపులోనే ఒక ముల్లు ఉంది. ఏడాది చివర్లో ఎట్లాగూ పైకి పోలేని జట్టుకు, ఇంకో మ్యాచ్ ఓడితే లాభం, గెలిస్తే నష్టం.

2021 జనవరిలో డెట్రాయిట్‌కు కొత్త ప్రధాన కోచ్ వచ్చాడు. పేరు డాన్ క్యాంప్‌బెల్. టెక్సాస్ మనిషి, ఒకప్పుడు తానూ ఆడినవాడే. 2008లో ఇదే డెట్రాయిట్ జట్టు 16కు 16 మ్యాచులూ ఓడింది. అప్పుడు ఆ జట్టులో ఇతనూ ఉన్నాడు. గాయం వల్ల కొన్ని ఆటలే ఆడాడు గానీ, ఓటమి ఎట్లా ఉంటుందో దగ్గరగా చూసినవాడు. మొదటి రోజు విలేఖరుల ముందు, మమ్మల్ని పడగొడితే లేస్తాం, లేస్తూ మీ మోకాలి చిప్ప కొరుకుతాం అన్న అర్థం వచ్చేట్టు మాట్లాడాడు. దేశమంతా నవ్వింది. అన్న ఆ వీడియో చూపించాడు. మా చిన్నాయన "ఈయనేదో మన సినిమా డైలాగు చెప్తున్నాడే" అన్నాడు.

అదే సమయంలో పన్నెండేళ్ళు ఆ జట్టుకు ఆడిన మాథ్యూ స్టాఫర్డ్‌ను లాస్ ఏంజెలెస్ జట్టుకు ఇచ్చేశారు. బదులుగా జారెడ్ గాఫ్ అనే ఆటగాడూ, రాబోయే ఏళ్ళ డ్రాఫ్ట్‌లో కొన్ని చోట్లూ వచ్చాయి. గాఫ్‌ను ఆ లాస్ ఏంజెలెస్ జట్టు వద్దనుకుంది. అట్లా ఒకరికి అక్కర్లేని ఆటగాడు, ఎవరూ నమ్మని కోచ్ కలిసి మొదలుపెట్టారు.

ఓటమి తర్వాత ఓటమి. అన్నీ ఒకే రకం ఓటములు కూడా కావు. ఫిలడెల్ఫియా చేతిలో 44-6తో చిత్తుగా ఓడారు. దానికి ఏడుపు రాదు, తల వంచుకుని ఇంటికి పోతారు. అసలు బాధ దగ్గరికొచ్చి ఓడిపోవడంలో ఉంది. సెప్టెంబర్ 26న బాల్టిమోర్ మీద ఒక్క పాయింట్ ముందున్నారు, ఆట ముగిసిపోతోంది. చివరి క్షణంలో జస్టిన్ టక్కర్ అనే కిక్కర్ 66 గజాల దూరం నుంచి తన్నాడు. మన లెక్కలో 60 మీటర్ల పైన. అప్పటివరకు ఈ 32 జట్ల పోటీల్లో అంత దూరం నుంచి ఎవరూ వేయలేదు. బంతి పోయి అడ్డకంబానికి తగిలి పైకెగిరి అవతల పడింది. 19-17. ఇవతల పడి ఉంటే డెట్రాయిట్ గెలిచేది. రెండు వారాలకు మిన్నెసోటా మీద 37 సెకన్లు మిగిలి ఉండగా ముందుకు వచ్చారు. అక్కడా చివరికి 54 గజాల కిక్‌తో మళ్ళీ 19-17. ఆ రోజు విలేఖరుల ముందు క్యాంప్‌బెల్ ఏడ్చాడు. ఆరడుగుల పైన ఎత్తు, గేటులాంటి భుజాలు, ఆ మనిషి మాట రాక కళ్ళు తుడుచుకుంటున్నాడు. తన పిల్లలు అంత కష్టపడ్డాక ఫలితం ఇట్లా రావడం చూడలేకపోతున్నానన్నాడు.

నవంబర్‌లో పిట్స్‌బర్గ్‌తో 16-16 దగ్గర ఆట సమమైంది. ఓడకుండా ఉండడమే అప్పటికి గొప్ప. పదకొండు మ్యాచులైనా గెలుపు లేదు.

డిసెంబర్ 5న మళ్ళీ మిన్నెసోటా. ఆ మ్యాచ్ గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, ఎందుకంటే నా మనసు మార్చింది చాలావరకు అదే. చివరి నిమిషాల్లో డెట్రాయిట్ 23-21తో ముందుంది. నాలుగో ప్రయత్నం, ఒక్క గజం కావాలి, కానీ వాళ్ళు నిలబడింది తమ గోలు వైపు 28వ గజం దగ్గర. అక్కడ బుద్ధి ఉన్నవాడెవడైనా బంతిని దూరంగా తన్నేస్తాడు. క్యాంప్‌బెల్ ముందుకే పొమ్మన్నాడు. గాఫ్‌ను పట్టి పడేశారు, బంతి చేజారింది, మిన్నెసోటా దాన్ని తీసుకుని 27-23 చేసింది. ఇంకా 1 నిమిషం 50 సెకన్లు. ఆట ఆపించుకునే అవకాశాలు కూడా అయిపోయాయి. 75 గజాలు పోవాలి. పోయారు. గడియారం సున్నాకు చేరుతుండగా గాఫ్ విసిరిన బంతిని ఆమన్-రా సెయింట్ బ్రౌన్ అనే కొత్త కుర్రాడు గోలు గీత దాటి పట్టుకున్నాడు. 29-27. దాదాపు ఏడాదికి ఒక గెలుపు.

దానికి అయిదు రోజుల ముందు, నవంబర్ 30న, డెట్రాయిట్‌కు ఉత్తరాన ఉన్న ఆక్స్‌ఫర్డ్ ఊరి హైస్కూల్లో కాల్పులు జరిగి నలుగురు విద్యార్థులు చనిపోయారు. మా వయసువాళ్ళు. మ్యాచ్ అయ్యాక క్యాంప్‌బెల్ ఆ గెలుపు బంతిని ఆక్స్‌ఫర్డ్‌కు అంకితం చేసి, ఆ పిల్లల పేర్లు ఒక్కొక్కటే చెప్పాడు. ఆట ఆ నొప్పిని తగ్గించలేదని ఎవరికైనా తెలుసు. అయినా ఆ ఆదివారం చేతిలో ఇవ్వడానికి ఒక బంతి ఉంది. డ్రాఫ్ట్ లెక్క చూసేవాళ్ళకు మాత్రం ఆ గెలుపు కూడా నష్టం ఖాతాలోనే పడింది. ఈ మాట అన్న చెప్పినప్పుడు మా ఇంట్లో కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

ఇప్పుడు అన్న వేసిన ప్రశ్న. 2022 జనవరి 9, ఆఖరి మ్యాచ్. డెట్రాయిట్ 2 గెలుపులు, 13 ఓటములు, ఒకటి సమం. వాళ్ళలాగే అడుగున ఉన్న ఇంకో జట్టు జాక్సన్‌విల్. ఆ రోజు డెట్రాయిట్ ఓడి, జాక్సన్‌విల్ గెలిస్తే, డ్రాఫ్ట్‌లో మొదటి చోటు డెట్రాయిట్‌ది. ఎదురుగా ఉన్నది గ్రీన్ బే, అప్పటికే తమ వరుసలో మొదటి స్థానం ఖాయం చేసుకున్న జట్టు. డెట్రాయిట్ ఓడితే ఎవరూ వేలెత్తి చూపరు. "కోచ్ స్థానంలో మీరుంటే ఏం చేస్తారు?" అన్నాడు అన్న.

చిన్నాయన వెంటనే ఓడిపోతానన్నాడు. నాయన కూడా అంతే, "ఒక్క మ్యాచ్ కదా, పదేళ్ళకు పనికొచ్చే పిల్లోడు దొరుకుతాడు" అన్నాడు. నేను కూడా ఓడిపోతాననే అన్నాను, అందరికంటే గట్టిగా. దానికి నాకో కారణం ఉంది. మా అవ్వ మాత్రం వక్క కొరుకుతూ ఒక మాట అడిగింది. "సరే, ఓడిపొమ్మని ఆడేవాళ్ళకు ఎవరు చెప్తారు?"

అవ్వ ఆ ఆట ఎప్పుడూ చూడలేదు. కానీ మేమెవరమూ జవాబు చెప్పలేకపోయాం.

నిజంగా ఎవరు చెప్తారు? యాభైమందికి పైగా ఉన్న జట్టు అది. అందులో కొందరికి ఆ రోజుతో ఒప్పందం ముగిసిపోతుంది, మళ్ళీ ఎవరైనా తీసుకోవాలంటే ఆ రోజు బాగా ఆడి కనిపించాలి. ఇంకొందరు రేపు డ్రాఫ్ట్‌లో వచ్చే కొత్త కుర్రాడి వల్ల ఉద్యోగం పోగొట్టుకోబోయేవాళ్ళు. తన చోటు లాక్కోబోయేవాడి కోసం వాణ్ణి ఓడిపొమ్మని ఎట్లా అడుగుతారు? అడగకుండా చేయాలంటే దాచిపెట్టి చేయాలి. బాగా ఆడేవాణ్ణి పక్కన కూర్చోబెట్టి ఏదో కారణం చెప్పాలి. అంటే కావాలని ఓడడం అనే పనికి ఎప్పుడూ ఎవరో ఒకరు తెలియనివాడు కావాలి. ఆ తెలియనివాడు ప్రాణం పెట్టి ఆడుతుంటాడు, తెలిసినవాళ్ళు చూస్తుంటారు.

డెట్రాయిట్ ఆ రోజు 37-30తో గెలిచింది. ఊరికే గెలవడం కూడా కాదు, బంతి పట్టుకోవాల్సిన ఆటగాడితో 75 గజాల పాస్ విసిరించడం లాంటి కొంటె ఎత్తులన్నీ వేసి గెలిచింది. అదే సమయంలో అక్కడ జాక్సన్‌విల్ కూడా గెలిచింది. డెట్రాయిట్ ఓడి ఉంటే మొదటి చోటు వాళ్ళదే. గెలిచినందుకు రెండో చోటుకు జారారు.

ఇక్కడ నాయన పక్షం కూడా న్యాయంగా చెప్పాలి. ఒక జట్టును నడిపేవాళ్ళు ఈ రోజు గురించే ఆలోచిస్తే చాలదు. స్టాఫర్డ్‌ను ఇచ్చేయడం కూడా ఒక రకంగా ఈ ఏటి గెలుపుల్ని రేపటి కోసం వదులుకోవడమే కదా? (అక్కడికి పోయిన మొదటి ఏడే స్టాఫర్డ్ అతి పెద్ద కప్పు, సూపర్ బౌల్, గెలిచాడు. అది వేరే కథ.) అది తప్పు కానప్పుడు ఒక్క మ్యాచ్ వదులుకుంటే తప్పేమిటి? ఈ ప్రశ్నకు నేను చాలా రోజులు తడుముకున్నాను. మా ఊళ్ళో రాగి పండించేవాళ్ళు ఒక్కో ఏడు చేనును బీడు పెడతారు. అది అందరికీ కనిపిస్తుంది, ఆ ఏడు ఆ చేని మీద ఎవరూ ఆశ పెట్టుకోరు. కానీ విత్తి, కూలివాళ్ళతో కలుపు తీయించి, ఎదిగిన పైరును రాత్రి పూట పీకేస్తే దాన్ని బీడు పెట్టడం అనం. స్టాఫర్డ్‌ను పంపడం మొదటి రకం, అందరి ముందూ చేశారు. ఆఖరి మ్యాచ్ ఓడడం రెండో రకం అయ్యేది. టికెట్ కొని వచ్చి చలిలో బండి ఆపుకుని లోపల కూర్చున్నవాడు, ఇది నిజమైన ఆట అని నమ్మి కూర్చున్నాడు.

ఈ విషయం మా తెలుగు సార్‌తో మాట్లాడితే సార్ గీత గుర్తుచేశారు. పని మీదే నీకు అధికారం, ఫలం మీద కాదు అన్న మాట. సార్ మీద గౌరవంతోనే చెప్తున్నాను, ఆ మాట ఇక్కడ నాకు సగమే సాయపడింది. ఎవరి పని ఏమిటన్నది ముందు తేలాలి కదా. ఆటగాళ్ళను ఎంచేవాడి పనే ఫలం వైపు చూడడం, అయిదేళ్ళ తర్వాతి ఫలం వైపు. మైదానంలో బంతి పట్టుకున్నవాడి పని మాత్రం అది కాదు. కోచ్ ఇద్దరి మధ్యా నిలబడి ఉంటాడు, చిక్కంతా అతనిదే. క్యాంప్‌బెల్ పదిహేడు వారాలు ప్రతి గజం కోసం కొట్లాడమని చెప్పాడు. ఆఖరి ఆదివారం మాత్రం వద్దంటే, ముందు చెప్పిందంతా వాళ్ళు ఏ చెవితో వినాలి?

అంతకు ముందటేడు, 2021 జనవరి 3న, ఫిలడెల్ఫియా కోచ్ డగ్ పీడర్సన్ ఆఖరి మ్యాచ్‌లో మూడు పాయింట్లే వెనకబడి ఉండగా, నాలుగో భాగంలో మొదటి ఆటగాణ్ణి తీసేసి బెంచీ మీదివాణ్ణి దించాడు. 20-14తో ఓడారు, డ్రాఫ్ట్‌లో పైకి వచ్చారు. అతనికి కొంచెం ఆట ఇవ్వాలనుకున్నానని కోచ్ చెప్పాడు. అది నిజమే అయి ఉండొచ్చు. మనసులో ఏముందో బయటి నుంచి మనం చెప్పలేం. కానీ ఆ ఓటమి వల్ల లాభం ఉంది కాబట్టి జనం నమ్మలేదు. ఆ నిబంధనలో ఉన్న చెడు ఇదే. నిజాయితీగా ఓడినవాణ్ణి కూడా అది అనుమానంలో నిలబెడుతుంది.

2012 లండన్ ఒలింపిక్స్‌లో మహిళల బ్యాడ్మింటన్ డబుల్స్ జోడీలు తర్వాతి దశలో తేలికైన ప్రత్యర్థి దొరకాలని షటిల్‌ను నెట్‌కే కొట్టాయి. ఎనిమిదిమందిని పోటీల నుంచి పంపేశారు. ఆ పోటీల్లోనే మన గుత్తా జ్వాల, అశ్విని పొన్నప్ప జోడీ పాయింట్ల తేడాతో క్వార్టర్ ఫైనల్‌కు రాలేక ఇంటికి వచ్చింది. ఒకరు ఒక్క పాయింట్ కోసం పాకులాడుతున్న చోటే ఇంకొకరు పాయింట్లు పారేస్తున్నారు.

ఈ బ్యాడ్మింటన్ సంగతి చదివినప్పుడు నా చెవులు వేడెక్కాయి. ఎందుకో చెప్తాను.

పోయిన ఏడు జోనల్ కబడ్డీ పోటీల్లో మన బడి జట్టు రెండో స్థానం తెచ్చింది. ఆ కప్పు హెడ్మాస్టర్ గారి గదిలో అద్దాల బీరువాలో ఉంది. గ్రూపులో మేం మొదటి రెండు మ్యాచులూ గెలిచాం. మూడో మ్యాచ్ మాలాగే రెండు గెలిచిన జట్టుతో. అవతలి గ్రూపులో అందరికంటే గట్టి జట్టు ఒక మ్యాచ్ పొరపాటున ఓడి రెండో స్థానానికి వచ్చింది. అంటే మా గ్రూపులో మొదట నిలిచినవాళ్ళకు సెమీఫైనల్లో ఆ గట్టి జట్టు తగులుతుంది. రెండో స్థానంలో ఉంటే కొంచెం మెత్తటి జట్టు. ముందురోజు రాత్రి నీళ్ళ ట్యాంకు దగ్గర మేం నలుగురం పెద్ద తరగతివాళ్ళం మాట్లాడుకున్నాం. పీటీ సార్‌కు చెప్పలేదు. మిగిలిన ముగ్గురు ఆటగాళ్ళకూ చెప్పలేదు.

ఆ ముగ్గురిలో ఒకడు ఎనిమిదో తరగతి. సన్నగా ఉంటాడు, ఆ మ్యాచ్‌లోనే మొదటిసారి మొదటి ఏడుగురిలో దిగాడు. నేను ఎడమ కార్నర్. ఎదుటి రైడర్ కాలు రెండుసార్లు నా చేతిలోకి వచ్చింది, రెండుసార్లూ వేళ్ళు వదులు చేశాను. చూసేవాళ్ళకు జారిపోయినట్టే ఉంటుంది. ఆ పిల్లోడు మాత్రం రైడ్‌కు పోయి మూడు పాయింట్లు తెచ్చాడు. మూడోసారి వచ్చేటప్పుడు మోచెయ్యి మట్టిలో గీరుకుని రక్తం కారుతోంది, గీత తాకి లేచి మా వైపు చూసి నవ్వాడు. మేం చప్పట్లు కొట్టాం. ఆ చప్పట్లు ఇప్పుడు తలుచుకుంటే నాకు ఏదోలా ఉంటుంది. మ్యాచ్ పోయాక వాడు కుళాయి దగ్గర కూర్చుని ఏడ్చాడు, తన వల్లే ఓడామని. ఇంకో రైడ్‌లో దొరికిపోకుండా ఉంటే గెలిచేవాళ్ళమట. నేను భుజం తట్టి, "పోనీలేరా, నీ తప్పేం లేదు" అన్నాను. నేను ఆ రోజు చెప్పిన ఒకే ఒక నిజం అది.

మా లెక్క తప్పలేదు. సెమీఫైనల్ గెలిచాం, ఫైనల్లో ఆ గట్టి జట్టు చేతిలో ఓడి కప్పుతో వచ్చాం. మమ్మల్ని ఓడించి సంబరపడ్డ జట్టు సెమీఫైనల్లో ఆ గట్టి జట్టుకు దొరికి ఒట్టి చేతులతో పోయింది. మేం న్యాయంగా గెలిచి ఉంటే ఒట్టి చేతులతో వచ్చేది మేమే. అందుకే అన్న అడిగినప్పుడు నేను అందరికంటే గట్టిగా ఓడిపోతానన్నాను. వేరే జవాబు చెప్తే ఆ కప్పును ఏం చేయాలి?

డెట్రాయిట్ కథలో ఇక్కడ ఒక సుఖమైన ముగింపు ఉంది, దాన్ని వాడుకోవాలని చాలా ఆశ పుట్టింది. రెండో చోటులో వాళ్ళకు దొరికిన కుర్రాడు ఎయిడన్ హచిన్సన్, ఆ మిషిగన్ రాష్ట్రంలో పుట్టి అక్కడి యూనివర్సిటీలోనే ఆడినవాడు, వచ్చాక గొప్పగా ఆడాడు. 2023లో జట్టు 12 గెలిచింది, 1993 తర్వాత మొదటిసారి తమ విభాగంలో మొదట నిలిచింది. 2024లో 15 గెలిచింది. చూశారా, నిజాయితీకి ఫలం దక్కింది అని రాసేస్తే వ్యాసం ముగిసిపోతుంది. కానీ అట్లా రాస్తే నేను మళ్ళీ మోసం చేసినట్టే. హచిన్సన్ మోకాలు మొదటి ఏడే విరిగి ఉంటే? ఆ జట్టు మళ్ళీ అడుక్కు పోయి ఉంటే? అప్పుడు జనవరి 9న గెలవడం తప్పయిపోతుందా? ఫలం మంచిదైంది కాబట్టి పని మంచిదంటే, మా కబడ్డీ ఎత్తు కూడా మంచిదే. మాకూ కప్పు వచ్చింది.

అదే క్యాంప్‌బెల్ 2024 జనవరిలో, సూపర్ బౌల్‌కు ఒక్క అడుగు దూరంలో, శాన్‌ఫ్రాన్సిస్కో మీద సగం ఆటకు 24-7తో ముందున్నాడు. తర్వాత రెండుసార్లు మూడు పాయింట్లు తన్నుకోగలిగిన చోట నాలుగో ప్రయత్నానికి ముందుకే పొమ్మన్నాడు. రెండూ పోయాయి, 34-31తో ఓడాడు. ఆ రాత్రి చాలామంది అతన్ని మూర్ఖుడన్నారు. నాకు మాత్రం, మిన్నెసోటా మీద 28వ గజం దగ్గర ముందుకు పొమ్మన్న మనిషే ఇక్కడా కనిపించాడు. గెలుపు ఏదీ లేనప్పుడూ అట్లానే ఉన్నాడు, అంతా గెలిచే దగ్గరా అట్లానే ఉన్నాడు. అతని ఎత్తు సరైనదో కాదో ఆట తెలిసినవాళ్ళు తేల్చుకోవాలి. కానీ అతని కింద ఆడేవాడికి, మా కోచ్ ఈ రోజు నిజంగా ఏం కోరుకుంటున్నాడు అన్న సందేహం రాదు. మా ఎనిమిదో తరగతి పిల్లోడికి ఆ పాటి భరోసా మేం ఇవ్వలేదు.

ఈ వ్యాసం ఇచ్చేముందు పీటీ సార్ దగ్గరికి పోయి జరిగింది చెప్పాను. మిగిలిన ముగ్గురి పేర్లు అడిగారు, నా పేరు మటుకు చెప్తానన్నాను. సార్ తిట్టలేదు. చాలాసేపు కిటికీలోంచి గ్రౌండు వైపు చూసి, "ఆ పిల్లోడికి చెప్పావా?" అన్నారు. అచ్చం మా అవ్వలాగే.

మర్నాడు ఇంటర్వెల్‌లో వాణ్ణి పిలిచి చెప్పాను. వేపచెట్టు కింద నిలబడి అంతా విన్నాడు. కోప్పడతాడనుకున్నా, లేకపోతే మళ్ళీ ఏడుస్తాడేమోననుకున్నా. రెండూ చేయలేదు. మోచేతి మీద మచ్చను గోటితో గీరుతూ కొంచెంసేపు ఆలోచించి ఒకటే అడిగాడు.

"అయితే అన్నా, ఆ మూడు పాయింట్లు? వాళ్ళు కూడా నన్ను ఊరికే వదిలేశారా?"

లేదురా, వాళ్ళు నిజంగానే ఆడారు అన్నాను. నమ్మాడో లేదో తెలియలేదు. గంట కొట్టారు, క్లాసుకు పోయాడు.